ఆఖరి ‘సరే’ ఎక్కడ వినబడింది? మిర్చి గొడవ వెనక ఒక ట్రంక్ కాల్

ధర్మాబాద్ వైపు మిర్చి పంచాయతీ మళ్లీ మొదటికొచ్చింది. మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా అంచున ఒక ఊళ్లో రైతు కళ్లంలో ఆరబోసిన కాయను ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. నిజామాబాద్‌లో వ్యాపారి చూశాడు. రెండు వాయిస్ మెసేజ్‌లు అటూ ఇటూ పోయాయి. “రేటు గదే గదా సేటూ, పంపాల్నా?” “లోడ్ చెయ్యి పటేలా.” బండి బాసర దాటి, గోదావరి దాటి దుకాణం ముందు ఆగేసరికి మార్కెట్ పడిపోయింది. ఇక మొదలు: తేమ ఉంది, తాలు ఎక్కువ, ఫోటోలో రంగు బస్తాలో లేదు, తగ్గించుకో లేదా బండి తిప్పుకో. తిప్పుకుంటే కిరాయి రైతుదే.

ఇది కొత్త కథ కాదు, సీజన్‌కు నాలుగైదు వినబడతాయి. ఈసారి రైతు వకీలు దాకా వెళ్లాడు, అంతే తేడా. అక్కడ మొదటి ప్రశ్నకే బండి ఆగింది: ఏ కోర్టు? రైతు ధర్మాబాద్ అంటున్నాడు. బేరం కుదిరింది నా దుకాణంలో, నిజామాబాద్ రమ్మను అంటున్నాడు వ్యాపారి. వాయిదా వాయిదాకూ రాష్ట్రం దాటి పోవాలంటే రైతు రెండోసారికే వదిలేస్తాడని వ్యాపారికి తెలుసు.

1872 కాంట్రాక్టు చట్టం, 1930 వస్తు విక్రయ చట్టం పుట్టుపూర్వోత్తరాలు ప్రతి నేపథ్య కథనంలోనూ ఉంటాయి, వాటిని వదిలేద్దాం. నన్నడిగితే ఈ గొడవ 1959లో ఒక ట్రంక్ కాల్‌తో, అంటే ఊరి నుంచి ఊరికి చేసే దూరపు ఫోన్‌తో మొదలైంది.

ఆ ఫోన్ ఒక కొస అహ్మదాబాద్, రెండో కొస ఖామ్‌గావ్. విదర్భలో బుల్దానా జిల్లా, పత్తి ఊరు. అక్కడి కేడియా జిన్నింగ్ మిల్లుతో అహ్మదాబాద్ సంస్థ పత్తిగింజల చెక్కకు (నూనె తీశాక మిగిలే పిండికి) ఫోన్‌లోనే బేరం కుదుర్చుకుంది. సరుకు రాలేదు. అహ్మదాబాద్ వాళ్లు 31,150 రూపాయలకు తమ ఊళ్లోనే దావా వేశారు. మిల్లు వాళ్లు ఆ కోర్టుకు అధికారమే లేదన్నారు. మేం ‘సరే’ అన్నది ఖామ్‌గావ్‌లో, సరుకు ఇవ్వాల్సింది ఖామ్‌గావ్‌లో, డబ్బు కట్టాల్సింది ఖామ్‌గావ్‌లో, మరి అహ్మదాబాద్‌కు ఎందుకు రావాలి? ఇవాళ నిజామాబాద్ వ్యాపారి అంటున్నది సరిగ్గా ఇదే, ఊరి పేర్లు మారాయంతే.

మిల్లు వాదన గాలిలోంచి పుట్టింది కాదు. ఉత్తరం బేరాల్లో ఒప్పుకుంటున్నానని రాసి పోస్టు డబ్బాలో వేస్తే చాలు, అడిగినవాడు ఆ మాటకు కట్టుబడిపోతాడు. బేరం కుదిరిన చోటు కూడా ఆ డబ్బా ఉన్న ఊరే. ఫోన్‌కూ అదే లెక్క పెట్టమన్నారు. సుప్రీంకోర్టు 1965 ఆగస్టు 30న, ముగ్గురిలో ఇద్దరి మాటగా, కాదు పొమ్మంది. ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్లు ఒకరకంగా ఎదురెదురుగా కూర్చున్నట్టే. ‘సరే’ అన్న మాట అడిగినవాడి చెవిన పడాలి, పడిన చోటే ఒప్పందం పుడుతుంది. అడిగింది అహ్మదాబాద్ వాళ్లు కాబట్టి కేసు అక్కడ నడుస్తుంది. 1872లో కాంట్రాక్టు చట్టం రాసినవాళ్లు ఫోన్‌ను ఊహించలేదని కూడా ఆ ఇద్దరు జడ్జీలు అన్నారు. నిజమే, టెలిఫోన్‌కు పేటెంట్ వచ్చిందే 1876లో. మూడో జడ్జి జస్టిస్ హిదయతుల్లా మాత్రం చట్టంలో ఉన్న మాటలు ఫోన్‌కూ సరిపోతాయని, కాబట్టి ఒప్పందం ఖామ్‌గావ్‌లోనే అని విడిగా రాశారు.

దీన్ని మన బండి మీద పెట్టి చూడండి. ధర చెప్పి “పంపాల్నా” అని అడిగింది రైతయితే, “లోడ్ చెయ్యి” అన్న మాట చెవిన పడింది కళ్లంలో, అంటే నాందేడ్ జిల్లాలో. అదే వ్యాపారి ధర చెప్పి, రైతు ఒప్పుకుంటే లెక్క తిరగబడి నిజామాబాద్ పోతుంది. మధ్యలో ఎవరైనా “తేమ చూసినంక” అని తగిలిస్తే అది ఒప్పుకోలే కాదు, కొత్త బేరం. ప్రతివాది ఉండే చోట దావా వేసే దారి ఎలాగూ ఉంది. తేలాల్సింది రైతు తన గడప దగ్గర వేయగలడా అన్నదే.

వాయిస్ మెసేజ్ ఫోన్ కిందికి వస్తుందా, ఉత్తరం కిందికా అని వకీళ్లు గంటలకొద్దీ కొట్టుకోగలరు. 2000 నాటి ఐటీ చట్టం 13వ సెక్షన్ ఆ పని కొంత తగ్గించింది. మెసేజ్‌ను ఎవరు ఎక్కడ నిలబడి విన్నా, అందినవాడి వ్యాపార స్థలంలో, అది లేకపోతే అతను మామూలుగా నివసించే చోట అందినట్టు లెక్క. 2005లో అలహాబాద్ హైకోర్టు ముందుకు ఒక బొగ్గు ఈ-వేలం కేసు వచ్చింది. ధన్‌బాద్‌లోని ప్రభుత్వ బొగ్గు కంపెనీ 4,000 టన్నులకు పాట ఖాయమైందని ఈమెయిల్ పంపింది, 81.12 లక్షల చెక్కు తీసుకుంది, తర్వాత పాట రద్దు అంది. కంప్యూటర్ లోపం వల్ల ఇంకో పెద్ద పాట లెక్కలోకి రాలేదట. కేసు ఇక్కడెలా వేస్తారని కూడా అంది. పాట గెలిచినవాళ్ల వ్యాపారం వారణాసి, చందౌలీల్లో ఉంది, మెయిల్ అందింది అక్కడే, కేసు ఉత్తరప్రదేశ్‌లోనే నడుస్తుందని హైకోర్టు తేల్చింది.

మార్కెట్ యార్డులో అమ్మితే ఈ తలనొప్పి లేదు. నిజాం కాలం నుంచి ఈ ప్రాంతపు తెలుగులో వేలాన్ని హర్రాజు అంటారు. వస్తు విక్రయ చట్టం 64వ సెక్షన్ ప్రకారం సుత్తి పడేదాకా, లేదా ఆనవాయితీగా పాట ముగిసిందని చెప్పేదాకా పాడినవాడు వెనక్కి తగ్గవచ్చు, పడ్డాక కుదరదు. చుట్టూ పదిమంది చూస్తుంటారు, చేతికి తక్‌పట్టీ, అంటే తూకం, ధర రాసిన చీటీ వస్తుంది. ఒకప్పుడు తువ్వాలు కింద చేతులు పెట్టి, వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవారు, బయటివాడికి ఏమీ తెలిసేది కాదు. బహిరంగ పాట తెచ్చింది దాన్ని మాన్పించడానికే. ఫోన్ బేరం తిరిగి ఆ తువ్వాలు కిందికే పోయింది.

వ్యాపారుల మాటా ఉంది. ఫోటోలో తేమ కనబడదు. వర్ణన చూసి కొన్న సరుకు వర్ణనకు తగ్గట్టు లేకపోతే తిరస్కరించే హక్కు చట్టమే ఇచ్చింది. ఒప్పుకోవాల్సిందే. కానీ ధర పెరిగిన వారంలో ఎవరికీ తేమ కనబడదు.

గెలిస్తే ఏం వస్తుంది? కాంట్రాక్టు చట్టం 73వ సెక్షన్ లెక్క సాదాసీదాది. ఉదాహరణకు క్వింటాల్ 15,000కు కుదిరి, మాట తప్పిన రోజు మార్కెట్ 12,000 ఉంటే తేడా 3,000. ఇరవై క్వింటాళ్లకు 60,000. అయితే నష్టం తగ్గించుకునే ప్రయత్నం రైతు చేయాలి, బస్తాలు రంగు పోయేదాకా అట్టే పెట్టుకుని మొత్తం కట్టమంటే నడవదు. ఇంకో మెలిక వస్తు విక్రయ చట్టం 54వ సెక్షన్‌లో ఉంది. సరుకు అప్పటికే కొన్నవాడిదైపోయిందని తేలితే, నోటీసు ఇవ్వకుండా వేరేవాడికి అమ్మినందుకు తేడా అడిగే హక్కు పోతుంది. పాడైపోయే సరుకుకు ఆ నోటీసు అక్కర్లేదు గానీ, ఎండుమిర్చి పాడయ్యే సరుకని ఒప్పించడం కష్టం. వెనక్కొచ్చిన బండిని కోపంలో ఆ సాయంత్రమే ఎవరికో దించేసే రైతుకు ఇది ఎవరు చెబుతారు?

ఇదే రైతు ఆన్‌లైన్‌లో మిక్సీ కొని అది పనిచేయకపోతే మాత్రం, 2019 వినియోగదారుల చట్టం కింద తను ఉండే జిల్లాలోనే ఫిర్యాదు పెట్టొచ్చు. 5 లక్షల దాకా ఫీజు కూడా లేదు. కొనేవాడికి ఉన్న ఈ వెసులుబాటు అమ్మేవాడికి లేదు. మిక్సీకి ఉన్న దిక్కు ఇరవై క్వింటాళ్ల మిర్చికి లేదు.

ఈ కేసులో ఆ రెండు వాయిస్ మెసేజ్‌లూ రైతు ఫోన్‌లో ఉన్నాయి. 2024 జులై నుంచి అమల్లో ఉన్న సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ పెట్టి కోర్టుకు ఇవ్వొచ్చు. వాటిలో “రేటు గదే” అని ఉంది తప్ప రేటెంతో లేదు. ఆ అంకె ముందురోజు రాత్రి మామూలు ఫోన్ కాల్‌లో వచ్చింది. మొదట చెప్పింది సేటని రైతు వకీలుకు ముందు చెప్పాడు, ఖామ్‌గావ్ కథ విన్నాక తానే చెప్పానంటున్నాడు. రికార్డు ఎవరి దగ్గరా లేదు.