ఉరికంబం దాకా తోడు నడిచిన పాస్టరు

1946 జూన్‌లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉంటున్న, పాస్టరు హెన్రీ గెరెకీ భార్య ఆల్మా పేరిట జర్మనీ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. కింద 21 సంతకాలు. గోరింగ్, హెస్, రిబ్బెన్‌ట్రాప్, కైటెల్, స్పీర్... రెండో ప్రపంచ యుద్ధం నాటి నేరాలకు జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో విచారణ ఎదుర్కొంటూ కోర్టు బోనులో కూర్చున్న నాజీ పెద్దలు వీళ్లంతా. గెరెకీ అక్కడ వాళ్ల జైల్లో పాస్టరు. మీ ఆయన ఇంటికి రావాలని మీరు ఎదురుచూస్తున్నారని విన్నాం, మాకూ పెళ్లాం పిల్లలున్నారు కాబట్టి మీ ఆశ మాకు అర్థమవుతుంది, అయినా ఇంకొన్నాళ్లు ఆయన్ని మా దగ్గరే ఉండనివ్వండి అని ఆ ఉత్తరం సారాంశం.

ఇంతమంది ప్రాణాలు తీసినవాళ్లకి జైల్లో పాస్టరు ఎందుకు? ఘోరమైన నేరం ఒకటి బయటపడ్డప్పుడల్లా ఈ మాట వినిపిస్తుంది. బాధితుల వైపు నుంచి చూస్తే అది న్యాయమైన కోపమే. కానీ ఈ ప్రశ్న ఇప్పటిది కాదు. జైలుకి పాస్టరు వెళ్లడం కూడా ఊరికే మొదలైంది కాదు.

ఇంగ్లండ్‌లో జైల్లో ఖైదీలకి ఆరాధన జరిపించే పాస్టరుకి, అంటే చాప్లెయిన్‌కి జీతం ఇవ్వడానికి 1773లో చట్టం చేశారు. అమెరికాలో, ఫిలడెల్ఫియాలోని వాల్‌నట్ స్ట్రీట్ జైల్లో 1787లో ఖైదీలకి వాక్యం చెబుతామని పాస్టర్లు ముందుకొస్తే, తిరగబడతారేమోనని జైలరు భయపడ్డాడు. ఖైదీల వైపు గురిపెట్టి ఒక ఫిరంగి నిలబెట్టించాడు. పక్కనే వత్తి వెలిగించుకుని ఒక మనిషి సిద్ధంగా ఉన్నాడు. ప్రసంగం అలాగే జరిగింది, ఎవరూ కదల్లేదు.

హెన్రీ గెరెకీ 1893లో మిస్సోరీ రాష్ట్రంలో ఒక రైతు ఇంట్లో పుట్టారు. జర్మన్ మూలాలున్న కుటుంబం కావడంతో ఆ భాష ఆయనకు బాగా వచ్చు. ప్రొటెస్టెంట్లలో ఒక శాఖైన లూథరన్ సంఘంలో పాస్టరయ్యారు. 1935లో, కుదురుగా సాగుతున్న సంఘాన్ని వదిలేసి సెయింట్ లూయిస్ సిటీ మిషన్‌లోకి వెళ్లిపోయారు. ఆస్పత్రులు, జైళ్లు, వీధిన పడ్డవాళ్లు, వీళ్ల మధ్యే పని. ఇంట్లో ముగ్గురు కొడుకులు. పెద్దవాళ్లిద్దరూ యుద్ధంలోకి వెళ్లాక, 1943లో, యాభై ఏళ్లు నిండబోతుండగా ఆయన కూడా ఆర్మీ చాప్లెయిన్‌గా చేరిపోయారు.

యుద్ధం ముగిశాక ఆయన నాజీల నిర్బంధ శిబిరం డాఖావ్‌ని కళ్లారా చూశారు. ఆ తర్వాతే న్యూరెంబర్గ్ నుంచి పిలుపు వచ్చింది. జర్మన్ తెలిసి, జైళ్లలో పనిచేసిన అనుభవమున్న లూథరన్ పాస్టరు కావాలన్నారు. యుద్ధ ఖైదీలు తమ మతం ఆచరించుకోవచ్చని 1929 జెనీవా ఒప్పందం అప్పటికే చెప్పింది. వద్దనుకుంటే ఇంటికి వెళ్లిపోవచ్చు, బలవంతమేమీ లేదు. భార్యను చూసి చాలా కాలమైంది. ప్రార్థించి, సరేనన్నారు. అది 1945 నవంబరు.

గది గదికీ వెళ్లి చేయి చాచారు. ఆ చేయి కలిపినందుకే తర్వాత ఎంతో నింద మోశారు. రెండు గదుల మధ్య గోడ తీసేసి చిన్న ప్రార్థనా మందిరం చేశారు. ఆర్గాన్ వాయించింది ఒకప్పటి ఎస్ఎస్ (నాజీల సాయుధ దళం) అధికారి. ఆరుగురు క్యాథలిక్కులు ఫాదర్ సిక్స్టస్ ఓ'కానర్ దగ్గరికి వెళ్లేవారు, మిగతా 15 మంది ప్రొటెస్టెంట్లు గెరెకీ బాధ్యత. హెస్ ఒక్కసారి కూడా ఆరాధనకు రాలేదు. లక్షల మందిని బానిస చాకిరీకి తోలిన సౌకెల్ మోకరించి ప్రార్థించేవాడు. అతనికి పదిమంది పిల్లలు.

గెరెకీ ఎవరి నేరాన్నీ తుడిచెయ్యలేదు, తుడిచే అధికారం తనకుందనీ అనుకోలేదు. గోరింగ్ విషయంలో అది తేటతెల్లం. ఉరికి ముందు రాత్రి గోరింగ్ ప్రభువు బల్ల, అంటే క్రీస్తును తలుచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారం, తనకూ ఇవ్వమని అడిగాడు. క్రీస్తును రక్షకుడిగా ఒప్పుకోను, ఆచారం మాత్రం కానివ్వండి అన్నట్టు ఉంది అతని వరస. విశ్వాసం లేకుండా కుదరదన్నారు గెరెకీ. గుంటూరు, రాజమండ్రి లూథరన్ సంఘాల్లో పెరిగినవాళ్లకి ఆ బల్ల దగ్గరికి ఎలా రావాలో వేరే చెప్పక్కర్లేదు. నీ చిన్న కూతురు నిన్ను పరలోకంలో కలవాలనుకుంటోందని కూడా గుర్తుచేశారు. ఎనిమిదేళ్ల ఎడ్డాను ఆయన కలిసి ఉన్నారు. నాన్న మనసు తెరవమని రోజూ దేవుణ్ణి అడుగుతానని ఆ పిల్ల ఆయనతో అన్నది. గోరింగ్ కరగలేదు. అదే రాత్రి సైనైడ్ మింగాడు.

1946 అక్టోబరు 16 తెల్లవారుజామున పదిమందిని ఉరితీశారు. వాళ్లలో తన బాధ్యతలో ఉన్నవాళ్లతో గెరెకీ ఉరికంబం దాకా నడిచి, ప్రార్థించారు.

అంతకుముందు అక్కడున్న నెలలన్నీ ఆయన ఆ ఖైదీల భార్యాపిల్లల్ని కూడా చూసుకున్నారు. ఇక్కడ నా మనసు ఆల్మా దగ్గరే ఆగిపోతుంది. వేరేవాళ్ల పిల్లలకి ధైర్యం చెప్పేందుకు తన పిల్లల తండ్రిని అన్నాళ్లు వదిలి ఉండడం మామూలు విషయం కాదు. ఉత్తరం అందాక ఉండమనే ఆమె చెప్పింది. గెరెకీ సేవలో సగం ఆమెదే అని నేను నమ్ముతాను.

తిరిగొచ్చాక తిట్లు రెండు వైపుల నుంచీ పడ్డాయి. నాజీల్ని ప్రేమించాడని కొందరు, చావబోయేవాడికి బల్ల ఎందుకు ఇవ్వలేదని ఇంకొందరు. ఆ తర్వాత చట్టాలు మాత్రం ఆయన చేసిన పని వైపే వచ్చాయి. 1949 జెనీవా ఒప్పందం యుద్ధ ఖైదీలకు చాప్లెయిన్ల సేవ అందాలని రాసింది. 2015 నాటి ఐక్యరాజ్య సమితి మండేలా నియమాల్లో (ఖైదీలతో ఎలా వ్యవహరించాలో చెప్పేవి) 65వది ఏ ఖైదీకీ తన మత గురువును కలిసే హక్కు లేకుండా చేయకూడదంటుంది.

1950లో గెరెకీ ఆర్మీ వదిలి ఇల్లినాయ్‌లోని చెస్టర్ పట్టణంలో సంఘ కాపరిగా కుదిరారు. పక్కనే మెనార్డ్ జైలు. అక్కడికీ వెళ్లేవారు. 1961 అక్టోబరు 11న ఖైదీలకి బైబిల్ పాఠం చెప్పడానికి వెళ్లి గుండెపోటుతో పోయారు. 68 ఏళ్లు. శవపేటికను జైల్లోకే తీసుకెళ్లారు. ఖైదీలు వరుసలో నిలబడి, ఒక్కొక్కరే దాని ముందు నుంచి నడిచి వెళ్లారు.