ఉప్పు పలకలతో ఆకాశానికి కాపలా

ఎక్స్‌రేల కంటే శక్తి ఎక్కువున్న గామా కిరణాలతో తంటా ఏమిటంటే, అవి అద్దం మీద పడితే వెనక్కి తిరగవు, కటకంలో వంగవు, ఎదురొచ్చినదాంట్లోకి దూసుకుపోతాయి. అలబామాలోని హంట్స్‌విల్‌లో, నాసావాళ్ల మార్షల్ స్పేస్ ఫ్లైట్ సెంటర్‌లో పనిచేసిన జెరాల్డ్ ఫిష్‌మన్ అందుకే అద్దాల జోలికి పోలేదు. ఆకాశంలో ఉన్నట్టుండి మెరిసి ఆరిపోయే గామా విస్ఫోటనాల్ని పట్టడానికి ఆయన బృందం తయారుచేసిన బాట్సే పరికరంలో అసలు పని చేసేవి ఎనిమిది సోడియం అయొడైడ్ పలకలు. ఒక్కోటి అర మీటరు వెడల్పు, మందం సెంటీమీటరు పైచిలుకు.

సోడియం అయొడైడ్ మన వంటింటి ఉప్పుకి దగ్గరి చుట్టం. వానాకాలంలో ఉప్పులాగే ఇదీ చెమ్మ పీల్చుకుని పాడవుతుంది కాబట్టి గాలి తగలకుండా సీలు చేస్తారు. అందులో కాస్త థాలియం కలిపితే, గామా కిరణం వచ్చి గుద్దినప్పుడల్లా చిన్న వెలుగు పుడుతుంది, దాన్ని వెనకనున్న ఫొటోమల్టిప్లయర్ ట్యూబులు కరెంటు పల్సుగా మారుస్తాయి. వెలుగు ఎంత ఎక్కువైతే కిరణం శక్తి అంత ఎక్కువన్నమాట. థైరాయిడ్ స్కాన్ చేసే గామా కెమెరాల్లోనూ మామూలుగా వాడేది ఈ స్ఫటికమే.

మరి దిక్కు ఎలా తెలుస్తుంది? కళ్లు మూసుకుని ఎండలో నిలబడండి, ఏ చెంప ఎక్కువ చురుక్కుమంటే సూర్యుడు అటున్నట్టు. 1991 ఏప్రిల్‌లో అట్లాంటిస్ షటిల్ మోసుకెళ్లిన కాంప్టన్ ఉపగ్రహానికి ఎనిమిది మూలల్లో ఈ పలకలు బిగించారు. ఏ పలకకి ఎన్ని కిరణాలు తగిలాయో పోలిస్తే దిక్కు దొరికేది, కాకపోతే కొన్ని డిగ్రీలు అటూ ఇటూగా.

ఆ మాత్రం చాలు. గామా విస్ఫోటనం ఎప్పుడు, ఏ మూల నుంచి వస్తుందో ఎవరికీ తెలీదు, చాలావరకు సెకన్లలో అయిపోతుంది, ఆ సమయానికి మన టెలిస్కోపు ఎంత గొప్పదైనా ఇంకో వైపు చూస్తుంటే ఏం లాభం? అణుపరీక్షల మీద నిఘాకి అమెరికా పంపిన వేలా ఉపగ్రహాలకి 1967లోనే ఇవి చిక్కాయి, సంగతి బయటికొచ్చింది మాత్రం 1973లో. ఇదంతా మన పాలపుంతలోని న్యూట్రాన్ నక్షత్రాల (పెద్ద నక్షత్రాలు పేలాక మిగిలే చిన్న, బరువైన ముద్దల) పనేనని చాలామంది గట్టిగా నమ్మేవాళ్లు. అదే అయితే విస్ఫోటనాలు పాలపుంత పట్టీ వెంబడి గుమిగూడాలి కదా. బాట్సే పట్టిన మొదటి 153 విస్ఫోటనాల్ని పటం మీద పెడితే ఆవాలు చల్లినట్టు అన్నివైపులా పరుచుకున్నాయి! 2000లో ఉపగ్రహాన్ని సముద్రంలో కూల్చేనాటికి లెక్క 2,704కి చేరినా ఆ తీరు మారలేదు. వాటి దూరం వందల కోట్ల కాంతి సంవత్సరాలని 1997లో వేరే పరిశీలనలతో తేలింది.

నాకైతే ఇంతకంటే ఇష్టమైన సంగతి ఇంకోటుంది. అప్పుడప్పుడూ పలకలకి సెకనులో కొన్ని వెయ్యో వంతులు మాత్రమే ఉండే గామా మెరుపులు తగిలేవి. దిక్కు లెక్కేస్తే అవి కింద నుంచి, అంటే భూమి నుంచే వస్తున్నాయి, అదీ ఉరుముల మేఘాలున్న చోట్ల నుంచి. మేఘాల్లోని విద్యుత్ క్షేత్రం ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగంతో తోస్తే, అవి గాలిని గుద్దుకుని గామా కిరణాలు పుట్టిస్తున్నాయి. ఫిష్‌మన్ బృందం 1994లో దీన్ని ప్రకటించేదాకా, మన నెత్తిమీది మబ్బుల్లో ఈ పని జరుగుతోందని ఎవరూ చూడలేదు.