దయ్యం కథలోంచి డాక్టరు ఎప్పుడు వెళ్లిపోయాడు?

మంత్రాలు చేస్తున్నారన్న నెపంతో ఎవరినో కొట్టారన్న వార్త ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఎక్కడ వినిపించినా, ఆ వెంటనే వేళ్లన్నీ దయ్యం సినిమాల వైపు తిరగడం కొన్నేళ్లుగా మామూలైపోయింది. ఇప్పుడు మళ్లీ అదే వాదం రాజుకుంది. దయ్యం పట్టడాన్ని, దాన్ని వదిలించడాన్ని చూపే చిత్రాలకు సెన్సార్ ధ్రువపత్రం ఇచ్చేటప్పుడు గట్టిగా వ్యవహరించాలని హేతువాదులు, మానసిక వైద్యులు అడుగుతున్నారు. సినిమా పుట్టకముందే దయ్యాలున్నాయని, తాము చూపేది కల్పన మాత్రమేనని సినిమావాళ్లు అంటున్నారు. సినిమావాళ్ల మాటలో నిజం లేకపోలేదు గాని, తెరమీద దయ్యాన్ని వదిలించే మనిషి ఎలా మారుతూ వచ్చాడో చూడకుండా ఈ తగవు అర్థం కాదు.

1973లో విలియం ఫ్రీడ్‌కిన్ తీసిన ‘ది ఎక్సార్సిస్ట్’లో ఓ పిల్లకు దయ్యం పడుతుంది, దాన్ని వదిలించడానికి ఇద్దరు పాదిరీలు వస్తారు. అయితే తల వెనక్కి తిరిగే దృశ్యాన్ని గుర్తుంచుకున్నవారిలో చాలామంది మరిచిపోయే సంగతి ఒకటుంది. పాదిరీలు గడప తొక్కకముందు ఆ సినిమా ఆ పిల్లను చాలాసేపు ఆసుపత్రిలోనే ఉంచుతుంది. మెడలోకి సూది గుచ్చి, రంగుద్రవం ఎక్కించి, మెదడు చిత్రాలు తీసే ఘట్టం మిగతా భీభత్సానికి ఏమాత్రం తీసిపోదు. పరీక్షలన్నీ అయ్యాక, భూతోచ్చాటన చేయించి చూడమని తల్లికి చెప్పేది కూడా వైద్యులే. రోగి నమ్మకమే మందుగా పనిచేయవచ్చని వారి ఆలోచన. వచ్చిన ఇద్దరు పాదిరీల్లో చిన్నవాడు మానసిక వైద్యుడు కూడా. ఆ సినిమాను అనుకరించిన మనవాళ్లు మంచం ఊగడాన్ని, గొంతు మారడాన్ని తెచ్చుకున్నారు గాని ఆసుపత్రిని అక్కడే వదిలేశారు. 1980ల నాటి వారపత్రికల్లో చేతబడి సీరియళ్ల మోజు, 1992లో రాంగోపాల్ వర్మ ‘రాత్రి’లో ఓం పురి వేసిన మాంత్రికుడి పాత్ర ఈ దారిలోనివే.

అసలు మలుపు 2005 నుంచి 2010 దాకా గడిచిన ఐదేళ్లలో ఉంది. 1993 నాటి మలయాళ చిత్రం మూలంగా పి.వాసు తీసిన ‘చంద్రముఖి’ 2005లో తెలుగులోకి అనువాదమై వచ్చింది. అందులో రజనీకాంత్ మానసిక వైద్యుడు. జ్యోతిక పాత్రను ఆవహించింది దయ్యం కాదని, అది మనసులో చీలికని ఆయన తెగేసి చెబుతాడు. చెబుతూనే మాంత్రికుణ్ణి వెళ్లగొట్టడు. ముగ్గు వేయిస్తాడు, మంత్రాలు చదివిస్తాడు, పగ తీర్చుకున్నానని రోగి నమ్మేలా మనిషి స్థానంలో బొమ్మను పెడతాడు. డాక్టరు, మాంత్రికుడు ఒకే చోట, ఒకే మనిషి కోసం పనిచేసిన ఆ ముగింపును జనం ఈలలు వేసి చూశారు. వైద్యం చెబితే ప్రేక్షకులు రారన్న వాదానికి ఇంతకన్నా గట్టి జవాబు మరొకటి లేదు.

నాలుగేళ్లు తిరగకుండానే, 2009 సంక్రాంతికి కోడి రామకృష్ణ ‘అరుంధతి’ వచ్చింది. దాని సాంకేతిక ఘనతను ఎవరూ కాదనరు. కాని ఆ కథలో వైద్యుడికి పనే లేదు. పశుపతి అనే దుష్టుడి ఆత్మను ఎదుర్కోవడానికి దారి చూపేది సయాజీ షిండే వేసిన ఫకీరు. పైగా ఆ దయ్యానికి ఊరు, పేరు ఉన్నాయి: అది గద్వాల సంస్థానం. నల్ల సోమనాద్రి కట్టించిన కోట, అందులోని చెన్నకేశవాలయం, కోట ఆవరణలోనే నడిచిన డిగ్రీ కళాశాల, పండితులను ఆదరించినందుకు వచ్చిన విద్వద్గద్వాల అన్న పేరు, ఇవన్నీ ఆ ఊరి అసలు గుర్తులు. సినిమాలోని బంగళా నిజానికి బనగానపల్లె నవాబుది. ఇప్పుడు దాన్ని జనం అరుంధతి బంగళా అనే పిలుస్తారు. గద్వాలకు మాత్రం పశుపతి మిగిలాడు. మరుసటి ఏడు వచ్చిన ‘నాగవల్లి’లో మానసిక వైద్యుడు మళ్లీ కనిపించాడు గాని, పగబట్టిన రాజు వందేళ్లు దాటినా ఇంకా బతికే ఉన్నాడని కథ తేల్చేసరికి వైద్యుడు చెప్పేదంతా తేలిపోయింది. ‘మసూద’ 2022లో వచ్చేనాటికి ఫలానా ఇంట్లో పిల్లకు ఒంట్లో బాగోలేకపోతే ఎవరి దగ్గరకు పోవాలో తెరకు అనుమానమే లేదు.

తెరమీద డాక్టరు మాయమైన ఆ రోజుల్లో ఇక్కడ డాక్టరు ఇంకా రానేలేదు. మహబూబ్‌నగర్‌కు ప్రభుత్వ వైద్య కళాశాల 2016లో, నల్లగొండ, సూర్యాపేటలకు 2019లో వచ్చాయి. అంతకుముందు మనసుకు జబ్బు అంటే హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలే గతి, ఎర్రగడ్డ అంటే పెళ్లి సంబంధం తప్పిపోవడమే. అలాంటప్పుడు అమావాస్య రాత్రి చెర్వుగట్టు రామలింగేశ్వరుడి గుట్ట మీద నిద్ర చేయడానికో, జాన్‌పహాడ్ దర్గాలో మొక్కుకోవడానికో బయలుదేరిన తల్లిని తప్పుపట్టడం తేలిక.

ఊళ్లో గాలి దించే తీరుకు, సినిమా చూపే తీరుకు కూడా పోలిక తక్కువ. పిల్లను తూర్పు ముఖంగా కూర్చోబెడతారు. జుట్టు విప్పి, వేపమండ ఆడిస్తూ, నిప్పుల మీద సాంబ్రాణి వేసి, భూతవైద్యుడు అడిగేవి ప్రశ్నలే: ‘ఎవరు నువ్వు, ఏ ఊరు నీది, ఈ పిల్లను ఎందుకు పట్టినవ్, ఏమిస్తే పోతవ్?’ జవాబులో కోడి, కల్లు, చీర వస్తాయి; కొన్నిసార్లు అత్త పెట్టిన ఆరడి, తాగి కొట్టిన మొగుడి పేరు కూడా వస్తాయి. మామూలుగా ఎవరూ విననిది ఆ పూట ఇల్లంతా కూర్చుని వింటుంది. అది చాలావరకు బేరం. ఆ బేరం కుదరనప్పుడు చింతబరికె, మిరపకాయల పొగ బయటికి వస్తాయి, మూర్ఛనో బాలింత ఉన్మాదాన్నో దయ్యమనుకుని ప్రాణం మీదికి తెచ్చేది అక్కడే. సినిమాకు బేరంతో పనిలేదు, దానికి యుద్ధం కావాలి. కనుక చింతబరికె దెబ్బ ఒక్కటే వీరోచితమై తెరకెక్కింది. బోనాల నాటి శివసత్తుల పూనకాన్ని, పీర్ల పండుగలో పీరు ఎక్కడాన్ని ఈ లెక్కలో కలపకూడదు. 2022లో అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణ సైతం, ఆచారంలో భాగంగా వచ్చే ఆవేశాన్ని రుగ్మతగా లెక్కించవద్దనే చెబుతోంది.

నిర్మాతల పక్షాన చెప్పదగ్గ మాట ఒకటుంది: ‘విరూపాక్ష’ వంటి చిత్రం చేతబడి నెపంతో దంపతులను తగలబెట్టడాన్ని ఘోరంగానే చూపింది. అయితే పన్నెండేళ్లకు ఆ ఊరిని పట్టిపీడించేది నిజమైన క్షుద్రశక్తే. తగలబెట్టడం తప్పన్న సినిమా, అనుమానం మాత్రం తప్పనలేదు.

ఇక చట్టం సంగతి. మహారాష్ట్ర 2013లో తెచ్చిన చట్టం, దయ్యాన్ని వదిలించే పేరుతో మనిషిని తాడుతోనో గొలుసుతోనో కట్టడం, కర్రతో కొట్టడం, చెప్పులు నానేసిన నీళ్లు తాగించడం, మిరప పొగ పెట్టడం నేరాలని ఒక్కొక్కటిగా పేర్కొంది. కర్ణాటక 2017లో చేసిన చట్టం 2020 నుంచి అమల్లో ఉంది. గద్వాల ఉన్న నడిగడ్డ ప్రాంతపు పడమటి అంచు దాటితే రాయచూరు జిల్లా. అక్కడ ప్రత్యేక నేరమైన పని ఇవతల మామూలు కొట్లాట కేసు, ఎందుకంటే తెలంగాణకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. మూఢనమ్మకాలను ప్రోత్సహించే కార్యక్రమాలు వేయరాదని టీవీకి 1994 నాటి కేబుల్ నియమాల్లో రాసి ఉంది. సినిమాకు 1991 మార్గదర్శకాల్లో అంత సూటి మాట లేదు కాబట్టే, మొదట్లో కనిపించే ‘మూఢనమ్మకాలను సమర్థించడం మా ఉద్దేశం కాదు’ అన్న రెండు పంక్తులతో పని జరిగిపోతోంది.

ఇప్పుడు అడుగుతున్నది ఆ ధ్రువపత్రం దగ్గర కట్టడి. అయితే చేతబడి చుట్టూ అల్లిన ‘మా ఊరి పొలిమేర’ మొదటి భాగం 2021లో థియేటర్‌కు రాకుండా నేరుగా ఓటీటీలోనే విడుదలైంది. అదే ఏడాది వచ్చిన సమాచార సాంకేతిక నియమాల ప్రకారం ఆ వేదికలు ఏ వయసువారు ఏది చూడవచ్చో తామే నిర్ణయించుకుంటాయి, సెన్సార్ బోర్డు గడప తొక్కవలసిన అవసరం వాటికి లేదు.