బోర్డు పిల్లవాణ్ణి ఇంటికి పంపితే: అపోహలు, వాస్తవాలు

నేరారోపణ ఉన్న పద్దెనిమిదేళ్లలోపు పిల్లల్ని విచారించేది జువెనైల్ జస్టిస్ బోర్డు. ఆ బోర్డులో ఈ పిల్లల ఇంటి పరిస్థితి కనుక్కుని రిపోర్టు ఇచ్చే, పర్యవేక్షించే ప్రొబేషన్ ఆఫీసర్‌ని నేను. పిల్లవాణ్ణి అబ్జర్వేషన్ హోంకి (విచారణ సాగుతుండగా పిల్లల్ని ఉంచే చోటు) కాకుండా ఇంటికి పంపిన ప్రతిసారీ నాకు వినపడే మాటలివి.

అపోహ: ఇంటికి పంపారంటే వదిలేసినట్టే.

వాస్తవం: 2015 బాలల న్యాయ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరం నాన్ బెయిలబుల్ అయినా పిల్లలకు బెయిల్ ఇవ్వాలి. నేరస్థుల సావాసంలో పడతాడనో, వాడికే ప్రమాదమనో, న్యాయం దెబ్బతింటుందనో నమ్మడానికి గట్టి ఆధారముంటేనే బోర్డు కాదనాలి. ఆ కారణం రాసి తీరాలి. పర్యవేక్షణ నాకు అప్పగిస్తే నేను ఇంటికి వెళ్తాను, బడికి వెళ్తాను, రాత్రిళ్లు ఎవరితో తిరుగుతున్నాడో కనుక్కుంటాను.

అపోహ: షూరిటీ (బెయిల్‌కి పూచీ ఉండే మనిషి) దొరక్కపోతే హోమే గతి.

వాస్తవం: నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. షూరిటీ లేకుండా కూడా బెయిల్ ఇవ్వవచ్చని చట్టంలోనే ఉంది. సెల్‌ఫోన్ దొంగతనం కేసులో పదిహేనేళ్ల అబ్బాయికి మొదటి రోజే బెయిల్ వచ్చింది, షూరిటీ షరతుతో. వాళ్లమ్మ వలస వచ్చి బిల్డింగ్ పనులు చేసుకుంటోంది. ఊళ్లో ఆమెకు పూచీ ఉండేవాళ్లెవరు? పని దిగాక రోజూ హోం గేటు దాకా వచ్చి వెళ్లేది. బెయిల్ షరతు ఏడు రోజుల్లో తీర్చలేకపోతే, షరతు మార్చడానికి పిల్లవాణ్ణి మళ్లీ బోర్డు ముందుకు తేవాలి. అలా తెచ్చాక తల్లి హామీ మీదే పంపారు. ఆ లోపు వాడి పరీక్షలు పోయాయి. ఆమె పరిస్థితి మొదటి రోజే బోర్డుకి చెప్పాల్సింది నేను. ఇప్పుడైతే ముందు అదే అడుగుతాను.

అపోహ: తండ్రి తాగుబోతైతే ఇంటికి పంపకూడదు.

వాస్తవం: ఇల్లంటే తండ్రి ఒక్కడే కాదు. అమ్మమ్మ ఉండొచ్చు, మేనమామ ఉండొచ్చు. బాధ్యత తీసుకునే తగిన వ్యక్తికి కూడా బోర్డు అప్పగించవచ్చు. ఎవరూ లేకపోతే, ఇల్లే ప్రమాదమైతే, ఆ మాటే నా రిపోర్టులో రాస్తాను.

అపోహ: నేరం రుజువైతే స్పెషల్ హోం (నేరం చేశాడని తేలిన పిల్లల్ని ఉంచే చోటు) తప్పదు.

వాస్తవం: అదే చట్టం 18వ సెక్షన్‌లో మందలించి పంపడం, గ్రూప్ కౌన్సెలింగ్, సమాజ సేవ, మూడేళ్ల వరకు ప్రొబేషన్ (మంచి నడవడిక షరతు మీద బయట ఉంచడం) కూడా ఉన్నాయి. సమాజ సేవంటే పార్కు బాగుచేయడం, వృద్ధులకు సాయపడటం లాంటివి. మెడలో బోర్డు తగిలించి రోడ్డు ఊడ్పించడం కాదు. పిల్లవాడు ఎవరో బయటపెట్టడమే నేరం, ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేవాళ్లకూ ఇది వర్తిస్తుంది.