గట్టుకు కట్టిన పడవ వదిలే పొగ

నగరం నడుమ సాగే కాలువలో పడవల వల్ల గాలి చెడుతోందని వినగానే పొగ చిమ్ముకుంటూ వెళ్లే పడవ కళ్లకు కడుతుంది. అయితే నీటి మీద నిదానంగా వెళ్లే పడవకు నిజానికి పెద్ద బలం అక్కర్లేదు. పడవను నెట్టడానికి కావలసిన శక్తి సుమారుగా వేగపు ఘనాన్ని అనుసరించి పెరుగుతుంది కాబట్టి, వేగం సగానికి తగ్గితే ఎనిమిదో వంతు శక్తి సరిపోతుంది. గట్టు మీది ఇళ్లవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది పడవ ఆగి ఉన్నప్పుడు గంటల తరబడి వదిలే పొగ.

లండన్‌నే చూద్దాం. గుర్రాలు లాగే సరుకు పడవల కోసం తవ్వి, 1820లో పూర్తిగా తెరిచిన రీజెంట్స్ కాలువ మీద ఇప్పుడు జనం పడవల్లోనే కాపురం ఉంటున్నారు. సొంత రేవు లేని పడవ ఒకేచోట మామూలుగా 14 రోజులకు మించి ఉండకూడదని 1995 నాటి చట్టం చెబుతుంది. ఇలా చోటు మారుతూ ఉండే ఇంటికి కరెంటు తీగ రాదు గనుక, దీపానికీ ఫ్రిజ్‌కూ కావలసిన కరెంటును పడవలోనే పుట్టించుకోవాలి.

చలికాలపు సాయంత్రం అలాంటి పడవలో ఇంజను ఎందుకు తిరుగుతుందో కాస్త దగ్గరగా చూడాలి. ఇంజను తిప్పితే కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే యంత్రం ఆల్టర్నేటర్. 12 వోల్టుల దగ్గర 100 ఆంపియర్లు ఇచ్చే ఆల్టర్నేటర్ నుంచి వచ్చేది 1,200 వాట్లు. దాన్ని తిప్పే డీజిల్ ఇంజను సామర్థ్యం 30 కిలోవాట్లనుకుంటే, అది తన బలంలో 25వ వంతు పని కోసం నడుస్తోందన్నమాట. ఇంత తక్కువ భారం మీద సిలిండర్లు తగినంత వేడెక్కవు, ఇంధనం పూర్తిగా కాలదు, మసి పెరుగుతుంది. పైగా సీసపు బ్యాటరీ దాదాపు 80 శాతం వరకు చురుగ్గా నిండినా, మిగతా భాగానికి అంతకంతకూ తక్కువ కరెంటే తీసుకుంటుంది. ఆ చివరి గంటల్లో కాలే డీజిల్‌లో ఎక్కువ భాగం ఇంజను తనను తాను తిప్పుకోవడానికే ఖర్చవుతుంది. పోనీ మధ్యలో ఆపేద్దామంటే, పూర్తిగా నిండని బ్యాటరీ పలకల మీద సల్ఫేటు గట్టిపడి బ్యాటరీ పాడవుతుంది. కాబట్టి దీన్ని పడవవారి నిర్లక్ష్యమని కొట్టిపారేయడం అన్యాయం.

దీనికి తోడు కట్టెల పొయ్యి. తడి కట్టెలో ఉన్న నీరు ముందు ఆవిరి కావాలి. ఆ పనికే వేడి పోయి మంట చల్లబడుతుంది, సగం కాలిన తారు పొగై బయటికి వస్తుంది. చిన్న మొత్తాల్లో అమ్మే కట్టెల్లో తేమ 20 శాతానికి మించరాదని ఇంగ్లండులో 2021లో నిబంధన తెచ్చింది ఇందుకే.

ఇంటి పొగగొట్టం కప్పు పైన ఉంటుంది, పడవ పొగగొట్టం గట్టు మీద నడిచే మనిషి ముఖానికి దగ్గరగా ఉంటుంది. కాలువ చాలాచోట్ల వీధి కంటే పల్లంలో, ఇరువైపులా భవనాల మధ్య ఉండటంతో, గాలి వీచని చలి రాత్రుల్లో పొగ అక్కడే కూరుకుపోతుంది. అందులోని 2.5 మైక్రాన్ల లోపు కణాలు తల వెంట్రుక మందంలో సుమారు 30వ వంతు ఉండి ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. గాలిలో వీటి వార్షిక సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. ఆ సంస్థ క్యాన్సర్ పరిశోధనా విభాగం డీజిల్ పొగను 2012లోనే క్యాన్సర్ కారకంగా తేల్చింది. ఆ పొగను అందరికంటే ముందు పీల్చేది పడవలో ఉండేవారే.

దారులు లేకపోలేదు. సౌర పలకలు వేసవిలో బాగా ఆదుకుంటాయి గాని, పగలు దాదాపు ఎనిమిది గంటలే ఉండే లండన్ డిసెంబరులో వాటి మీదే ఆధారపడలేం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ దాదాపు నిండేవరకూ పూర్తి కరెంటును తీసుకుంటుంది కాబట్టి ఇంజను నడిచే గంటలు బాగా తగ్గుతాయి. వ్యర్థ నూనెల నుంచి చేసే డీజిల్ వాతావరణానికి మేలే. కానీ అదీ ఇంజనులోనే కాలుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లను వదులుతుంది. అన్నిటికంటే నాకు నమ్మకం కలిగించేది పడవ ప్లగ్గు పెట్టుకునేందుకు గట్టు మీద నాటే కరెంటు స్తంభం. లండన్‌లోని ఇజ్లింగ్‌టన్ ప్రాంతంలో రీజెంట్స్ కాలువ వెంట ఇలాంటి స్తంభాలు పెట్టి, అక్కడ ఆగిన పడవలు ఇంజనుకూ పొయ్యికీ బదులు కరెంటు వాడుకునే ఏర్పాటు చేశారు.

ఆమ్‌స్టర్‌డామ్ 2025 నుంచి నగర మధ్యలోని కాలువల్లో విహార పడవలు పొగ వదలరాదని నియమం పెట్టింది. షికారు ముగించుకుని రేవుకు చేరి ఛార్జి చేసుకునే పడవకు అది సాధ్యమే. కాపురం ఉండే పడవకు ముందు ప్లగ్గు చూపించాలి. కట్టేసిన పడవలకూ పొగ నియంత్రణ వర్తింపజేసే అధికారం ఇంగ్లండు స్థానిక సంస్థలకు 2021 పర్యావరణ చట్టం ఇచ్చింది. కరెంటు అందని చోట ఆ అధికారాన్ని జరిమానాలతో మొదలుపెడితే చలిలో ఉన్న కుటుంబం పొయ్యి ఆర్పుకోదు, పడవను మరో పేట కిటికీల కిందికి తీసుకుపోతుంది. అదే 14 రోజుల నిబంధన స్తంభాల విషయంలో కలిసొస్తుంది: పడవలు వంతులవారీగా వచ్చి పోతుంటే ఒక్క స్తంభం ఏడాదిలో 26 పడవలకు పనికొస్తుంది. ఇళ్ల కిటికీలూ బడులూ నీటికి బాగా దగ్గరగా ఉన్న చోట్ల ఆ స్తంభాలను ముందుగా నాటాలి.