నేల మీద ద్రాక్షపండు ఎప్పుడు పడింది? మార్టీ రోబోట్ వెనుక ఉన్న పాత ప్రశ్న

దుకాణాల్లోకి యంత్రాలు వచ్చి మనుషులు తగ్గిపోతున్నారన్న వాదన అమెరికాలో మళ్లీ రాజుకుంది. 2025లో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ నగరం ఒక నిబంధన తెచ్చింది. కొనుగోలుదారులే బిల్లు వేసుకునే ప్రతి మూడు యంత్రాలకూ కనీసం ఒక ఉద్యోగి ఉండి తీరాలన్నది దాని సారం. ఇలాంటి మాట ఎక్కడ వచ్చినా వెంటనే ఒక బొమ్మ బయటికి వస్తుంది: ఆరడుగులు దాటిన ఎత్తు, బూడిదరంగు ఒళ్లు, అతికించిన గుండ్రటి కళ్లు. పేరు మార్టీ. సూపర్ మార్కెట్ వరుసల మధ్య తిరుగుతూ నేల మీద ఒలికిన నీళ్లను, రాలిన కాయగూరలను పసిగట్టడానికి తెచ్చిన రోబోట్ ఇది. న్యూజెర్సీ, కనెక్టికట్, మసాచుసెట్స్‌లలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఇది పరిచయమే. పిల్లలు దాని వెనకే నడుస్తుంటే పెద్దలు ఫోటోలు తీసిన రోజులున్నాయి.

పుట్టుక కథ అందరికీ తెలిసిందే. జేబిల్ సంస్థలో భాగమైన బ్యాడ్జర్ టెక్నాలజీస్ దీన్ని తయారుచేసింది. పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్, కార్లైల్ దుకాణాల్లో పరీక్షించాక, 2019 జనవరిలో జెయింట్ అనే సూపర్ మార్కెట్ల సంస్థ తన 172 దుకాణాలకూ దీన్ని తెస్తున్నట్టు ప్రకటించింది. అదే మాతృసంస్థ ఆహోల్డ్ డెలైజ్ కింద ఉన్న స్టాప్ అండ్ షాప్‌తో కలిపితే దాదాపు 500 రోబోట్లు. ఒక్కోదాని ధర సుమారు 35 వేల డాలర్లని అప్పట్లో పత్రికలు రాశాయి.

అక్కడి నుంచి అందరూ నేరుగా స్టాప్ అండ్ షాప్ ఉద్యోగులు 2019 ఏప్రిల్‌లో చేసిన సమ్మెకు వెళ్తారు. నేనూ వెళ్తాను. కానీ దానికి ముందు ఒక ద్రాక్షపండు దగ్గర ఆగాలి. అది అర్థం కాకపోతే, తుడవడం చేతకాని యంత్రం మీద అంత డబ్బు ఎందుకు పోశారో అర్థం కాదు.

మసాచుసెట్స్‌లోని వెస్ట్‌బరో పట్టణంలో రోష్ బ్రదర్స్ అనే సూపర్ మార్కెట్ ఉంది. అందులో ఒక కొనుగోలుదారుడు నేల మీద పడి ఉన్న ద్రాక్షపండు మీద కాలు వేసి జారిపడ్డాడు. కేసు రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లి 2007లో తేలింది. అప్పటిదాకా అక్కడ న్యాయం ఒకే ఒక ప్రశ్న చుట్టూ తిరిగేది: పడిన వస్తువు నేల మీద ఎంతసేపటి నుంచి ఉంది? దుకాణదారు కంటబడేంతసేపు ఉందని రుజువు చేయాల్సిన భారం పడిన మనిషిదే. నడుం విరిగి ఆసుపత్రిలో ఉన్నవాడు, తన కాలి కింద నలిగిన పండు వయసు చెప్పాలి.

ఈ లెక్క ఎంత విచిత్రంగా నడిచిందో రెండు అరటి తొక్కలు చెబుతాయి. 1901లో బోస్టన్ రైల్వే స్టేషన్‌లో అరటి తొక్క మీద జారిపడిన ప్రయాణికుడు కేసు ఓడిపోయాడు. ఆ తొక్కను, రైలు దిగి వెళ్తున్నవారిలో ఎవరో ఒక్క నిమిషం ముందే పడేసి ఉండవచ్చు కదా అని తీర్పు రాసినాయన ఆలివర్ వెండెల్ హోమ్స్. పదేళ్ల తర్వాత, 1911లో, అదే నగరంలో మరో తొక్క, మరో ప్రయాణికురాలు. ఈసారి ఆమె గెలిచింది. కారణం ఒక్కటే: ఆ తొక్క ఎండి, మట్టి పట్టి, పలువురి కాళ్ల కింద అణగి, నల్లబడి ఉందని సాక్షులు చెప్పారు. అంటే అది చాలాసేపటి నుంచి అక్కడే ఉంది, రైల్వే మనుషులు చూసి తీసేయవలసింది. తొక్క పచ్చగా ఉంటే ఓటమి, నల్లగా ఉంటే గెలుపు. అమెరికాలో న్యాయశాస్త్రం చదివే విద్యార్థులకు ఈ తొక్కల కథ ఇప్పటికీ పాఠమే.

2007 ద్రాక్షపండు తీర్పు ఈ లెక్కను తిరగేసింది. కొనుగోలుదారులు తామే పండ్లు తీసుకునేలా దుకాణం నడుపుతున్నప్పుడు, కొన్ని నేల మీద రాలతాయని యజమానికి ముందే తెలుసు. కాబట్టి ఆ పండు ఎప్పుడు పడిందో బాధితుడు చెప్పనక్కర్లేదు. రాలే ప్రమాదాన్ని ఎదుర్కోవడానికి దుకాణం ఏ జాగ్రత్తలు తీసుకుందన్నదే చూడాలి. న్యూజెర్సీ ఈ దారిని 1966లోనే పట్టింది. అక్కడ కాలు జారింది బీన్స్ కాయ మీద. తెరిచి ఉంచిన గంపల్లోంచి జనం తామే కాయలు ఏరుకునే దుకాణం అది.

నా దృష్టిలో అసలు మలుపు ఇది. ఆ తర్వాత దుకాణాలకు కావలసింది శుభ్రమైన నేల ఒక్కటే కాదు, శుభ్రంగా ఉంచామని చూపించే రుజువు కూడా. అది వరకు ఆ రుజువు ఒక కాగితం. ఉద్యోగి చీపురు పట్టుకుని వరుసలన్నీ తిరిగి, గోడకు తగిలించిన పట్టికలో సమయం వేసి, పొడి అక్షరాలతో సంతకం చేసేవాడు. రద్దీ రోజుల్లో ఆ పట్టికలు ఎలా నిండుతాయో ఏ దుకాణంలో పనిచేసినవారికైనా తెలుసు. సాయంత్రం ఒక్కసారి కూర్చుని, రోజంతటి గడులూ ఒకే కలంతో నింపేస్తారు. కోర్టులో ప్రత్యర్థి న్యాయవాది చేతికి అలాంటి కాగితం చిక్కితే, లేనిదానికన్నా ఎక్కువ నష్టం.

విసుగు లేకుండా తిరుగుతూ, చూసినదాన్ని ఫోటోతో, సమయంతో నమోదు చేయగల యంత్రం ఈ ఖాళీలోకే వచ్చింది.

యంత్రం చూపుకు హద్దులున్నాయి. కెమెరా రంగుల తేడాను పట్టుకుంటుంది. టమాటా రసం, చిట్లిన గుడ్డు, రాలిన ద్రాక్ష దానికి తేలిక. మెరిసే టైల్స్ మీద పరుచుకున్న మంచినీళ్లు మాత్రం కష్టం. పైనున్న దీపాల వెలుగు తడి మీదా పొడి మీదా ఒకేలా మెరుస్తుంది. లేజర్ కిరణంతో దూరం కొలిచే సెన్సర్‌కు పలుచని నీటి పొర దాదాపు కనిపించదు. మనిషిని జారేలా చేయడంలో అన్నిటికన్నా ముందుండేది ఆ నీళ్లే. మార్టీ ఏదైనా కనిపెడితే ఆగి, ప్రమాదం ఉందంటూ ఇంగ్లిష్‌లోనూ స్పానిష్‌లోనూ ప్రకటిస్తుంది, సిబ్బందికి కబురు పెడుతుంది. తుడవదు. ఎవరో వచ్చి తుడిచి, దాని మీద మీట నొక్కితేనే మళ్లీ కదులుతుంది.

అలాంటి యంత్రం ఒకటి ఆగడం నేను దగ్గర నుంచి చూశాను. కూరగాయల వరుస చివర, కొత్తిమీర కట్ట నుంచి రాలిన ఒక్క రెమ్మ ముందు. హెచ్చరిక మొదలైంది. బిల్లింగ్ కౌంటర్‌లో ఉన్న నడివయసు ఆమె తల ఎత్తి అటు చూసింది. ఆమె ముందు నలుగురు వరుసలో ఉన్నారు. హెచ్చరిక మళ్లీ వినిపించింది. క్షమించమని చెప్పి ఆమె కౌంటర్ వదిలి నడిచివెళ్లింది. కాగితం రుమాలుతో ఆ రెమ్మను తీసి, మీట నొక్కి, గోడ గడియారం వైపు ఒకసారి చూసి వెనక్కి వచ్చింది. వరుసలో ఉన్నవారు ఆరుగురయ్యారు. ఒకరు విసుక్కున్నారు, ఆమెనే.

2019 ఏప్రిల్ 11న స్టాప్ అండ్ షాప్ ఉద్యోగులు 31 వేల మంది మసాచుసెట్స్, రోడ్ ఐలండ్, కనెక్టికట్‌లలోని 240కి పైగా దుకాణాల నుంచి బయటికి నడిచినప్పుడు కోరికల పట్టికలో మొదట ఉన్నవి ఆరోగ్య బీమా, పింఛను, జీతాలు, ఆదివారం పనికి అదనపు వేతనం. రోబోట్ పేరు మీద సమ్మె జరగలేదు. అయినా కార్మికుల నోట పదేపదే మార్టీ పేరు వచ్చింది. మా బీమాకు డబ్బు లేదంటారు, కళ్లు అతికించిన స్తంభానికి వేల డాలర్లు ఉన్నాయా అన్నది వారి ఆవేదన. అంతకన్నా లోతైనది మరొకటి ఉంది. గుంపుల మధ్య దారికి అడ్డం రావడం, ఉల్లిపొట్టుకూ పగిలిన సీసాకూ ఒకే గొంతుతో అరవడం, అరిచిన ప్రతిసారీ చేస్తున్న పని వదిలి మనిషి పరుగెత్తాల్సి రావడం: ఇవి వారికి రోజూ ఎదురైనవి. పని తగ్గించడానికి వచ్చిందన్నది పని పెంచింది. పదకొండు రోజులకు, ఏప్రిల్ 21న ఒప్పందం కుదిరి సమ్మె ముగిసింది. మార్టీలు మాత్రం అలాగే తిరిగాయి.

సంస్థ మాట కూడా చెప్పాలి. ప్రమాదాలు తగ్గుతాయి, నేల చూసుకునే పని రోబోట్‌కు అప్పగిస్తే సిబ్బందికి కొనుగోలుదారులతో గడిపే సమయం మిగులుతుంది, ఎవరి ఉద్యోగమూ పోదు అన్నది మొదటి నుంచీ యాజమాన్యం చెబుతున్నది. 2020 జనవరిలో దుకాణాల్లో మార్టీకి పుట్టినరోజు వేడుక కూడా చేశారు, పిల్లలను పిలిచి కేకు పంచారు.

కానీ ద్రాక్షపండు తీర్పు వెలుగులో చూస్తే కార్మికుల భయం ఇంకోలా అర్థమవుతుంది. పాత పద్ధతిలో నేల మీది నీళ్లు ఎప్పుడు ఒలికాయో ఎవరికీ ఖచ్చితంగా తెలియదు. రోబోట్ వచ్చాక తెలుస్తుంది. పది గంటల రెండు నిమిషాలకు యంత్రం చూసి కబురు పెట్టింది, పది గంటల పద్నాలుగుకు ఉద్యోగి తుడిచాడు అనుకుందాం. ఆ పన్నెండు నిమిషాలు ఇక దుకాణానికి తెలియని కాలం కాదు, తెలిసి ఊరుకున్న కాలం. మధ్యలో ఎవరైనా జారిపడితే బయట కోర్టు దుకాణాన్ని అడుగుతుంది. లోపల మేనేజరు ఎవరిని అడుగుతాడు? అరగంట నుంచి కౌంటర్ వదల్లేక నిలబడ్డ మనిషిని. యంత్రం తన పని పూర్తి చేసింది, రుజువు కూడా ఉంది. ఆలస్యమంతా మనిషి పేర మిగిలింది. దుకాణంలో ఇద్దరు అదనంగా ఉంటే ఆ పన్నెండు నిమిషాలు రెండు నిమిషాలయ్యేవన్న సంగతి ఆ నమోదులో ఎక్కడా కనిపించదు.

అదనపు మనుషుల విలువ ఏమిటో 2020 నవంబరులో వాల్‌మార్ట్ చూపింది. అక్కడివి నేలను చూసేవి కావు, అరల్లో సరుకు లెక్క చూసే బోసా నోవా రోబోట్లు. సుమారు 500 దుకాణాల్లో ఉన్న ఆ రోబోట్ల ఒప్పందాన్ని వాల్‌మార్ట్ రద్దు చేసుకుంది. కోవిడ్ కాలంలో ఆన్‌లైన్ ఆర్డర్ల కోసం సిబ్బంది ఎలాగూ వరుసల్లో తిరుగుతున్నారు, మనుషులతోనే దాదాపు అంతే ఫలితం వస్తోందని తేలిందని అప్పటి వార్తలు చెప్పాయి. వరుసల్లో మనుషులు నడుస్తుంటే అరలూ కనిపిస్తాయి, నేలా కనిపిస్తుంది.

ఇక ద్రాక్షపండు మరోసారి కోర్టుకు వచ్చింది. 2022లో న్యూజెర్సీ సుప్రీంకోర్టులో, శామ్స్ క్లబ్ అనే దుకాణం మీద వేసిన కేసులో. అక్కడ ద్రాక్షను మూత బిగించిన ప్లాస్టిక్ పెట్టెల్లో అమ్ముతున్నారు. కాబట్టి పండు ఎప్పుడు పడిందో బాధితుడు చెప్పనక్కర్లేదన్న వెసులుబాటు వర్తించదని కోర్టు తేల్చింది. పండ్లను పెట్టెలో పెట్టడం సరిపోయింది. రుజువు భారం మళ్లీ పడిన మనిషి మీదికే వచ్చింది.

అందుకే ఇప్పటి వాదనలో రోబోట్ ఉద్యోగం తీసేస్తుందా లేదా అన్న ప్రశ్నతోపాటు మరికొన్ని అడగాలి. మార్టీ లాంటి యంత్రం నమోదు చేసిన సమయాలు ఎవరి చేతిలో ఉంటాయి? జారిపడిన మనిషి అడిగితే ఇస్తారా? కౌంటర్‌లో ఉన్న ఉద్యోగి ఆలస్యం మీద సంజాయిషీ రాయాల్సి వస్తే, ఆ గంటలో డ్యూటీలో ఎందరున్నారో కూడా ఆ కాగితం మీద రాస్తారా? లాంగ్ బీచ్ నిబంధన బిల్లింగ్ యంత్రాల దగ్గర మనుషులను లెక్కపెట్టింది. వరుసల్లో, తడి నేల పక్కన ఎందరుండాలో అది చెప్పలేదు.