విదేశీ భాగస్వామ్య పరిశోధనలు: అపోహలు, వాస్తవాలు

విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి చేసే ప్రజారోగ్య పరిశోధనల ఒప్పందాలనూ బడ్జెట్లనూ పరిశీలించడం నా వృత్తి. ఈ పనిలో తరచుగా వినిపించే కొన్ని నమ్మకాలను ఇక్కడ చర్చిస్తున్నాను.

అపోహ: పరిశోధనలో పాల్గొనేవారి హక్కులు, భద్రత చూసే ఎథిక్స్ కమిటీ ఆమోదమూ, సమ్మతి పత్రంపై సంతకమూ ఉంటే పరిశోధన నైతికమైనదే.

వాస్తవం: 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ (PATH) అనే స్వచ్ఛంద ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన ఆ ప్రాజెక్టును 2010 ఏప్రిల్‌లో నిలిపివేశారు. ప్రభుత్వ విచారణ సంఘం పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాలలో 2,763 పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసినట్లు తేలింది. టీకా వేయించుకున్నవారిలో కొందరు బాలికలు ఆ తర్వాత మరణించారు, అయితే ఆ మరణాలకు టీకా కారణమని విచారణ చెప్పలేదు. టీకా ప్రయోజనాన్ని శంకించడం నా ఉద్దేశమూ కాదు. ఆశ్రమ పాఠశాలలో చదివే అమ్మాయి తల్లిదండ్రులను అడగాలంటే వారి గూడేనికి వెళ్లే సమయం, ప్రయాణ ఖర్చు, కోయ భాషలో వివరించగల మనిషి కావాలి. ఈ మూడింటినీ ప్రతిపాదన దశలోనే రాసుకోని ప్రాజెక్టులో, ఎంత మంచి సమ్మతి పత్రం తయారుచేసినా, చివరికి అందుబాటులో ఉన్నవారి సంతకమే దొరుకుతుంది. అందుకే నేను సమ్మతి పత్రం కన్నా ముందు బడ్జెట్ చదువుతాను.

అపోహ: డబ్బు ఇచ్చేవారే బడ్జెట్ నిర్ణయించాలి, అడిగితే అవకాశం చేజారుతుంది.

వాస్తవం: అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల నిధులలో విదేశీ సంస్థలకు ఓవర్‌హెడ్స్ (సంస్థ నడపడానికయ్యే సాధారణ ఖర్చుల వాటా) దీర్ఘకాలం పాటు 8 శాతానికే పరిమితమయ్యాయి, అక్కడి పెద్ద విశ్వవిద్యాలయాలలో అనేకం 50 శాతానికి మించి పొందాయి. ఆడిట్, డేటా భద్రత, ఎథిక్స్ కమిటీ నిర్వహణ వంటి ఖర్చులు మనకు తక్కువేమీ కావు కనుక, వీలైనవాటిని ప్రత్యక్ష ఖర్చులుగా, అంటే ప్రాజెక్టు సొంత ఖర్చులుగా, బడ్జెట్‌లో రాయించుకోవాలి. దీనికి తోడు, విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి 2020లో చేసిన సవరణ వల్ల, ఒక స్వచ్ఛంద సంస్థ తనకు అందిన విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయకూడదు. హైదరాబాద్ సంస్థ పేరున మొత్తం తెప్పించి, ఏజెన్సీ ప్రాంతంలోని చిన్న సంస్థకు వాటా ఇద్దామనుకునే పథకం ఇక్కడే ఆగిపోతుంది. ఆశ్చర్యమేమిటంటే, విదేశీ భాగస్వాములకు ఈ సంగతి ఒప్పందం సిద్ధమయ్యాక గానీ తెలియదు.

అపోహ: క్షేత్రస్థాయిలో సమాచారం సేకరించినవారికి వ్యాసంలో కృతజ్ఞతలు చెబితే చాలు.

వాస్తవం: వ్యాసం రాయడంలోనో సవరించడంలోనో పాల్గొన్నవారే రచయితలన్న, వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ పెట్టిన నియమాలనే ఇందుకు సాకుగా చూపుతుంటారు. కానీ సమాచార సేకరణలో గణనీయమైన పాత్ర వహించినవారికి వ్యాసం రాయడంలో, సవరించడంలో పాల్గొనే అవకాశం ఇవ్వాలని ఆ నియమాలే చెబుతున్నాయి.

అపోహ: రక్త నమూనాలను విదేశాలకు పంపేటప్పుడు షరతులు పెడితే విజ్ఞానానికి అడ్డుపడినట్లే.

వాస్తవం: తమ దేశపు బర్డ్ ఫ్లూ వైరస్‌తో తయారయ్యే టీకా తమ ప్రజలకే అందని ధరలో ఉంటుందన్న ఆందోళనతో ఇండోనేషియా 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు నమూనాలు పంపడం ఆపినప్పుడు అచ్చంగా ఈ విమర్శే వచ్చింది. ఆ పట్టుదల పూర్తిగా సరైనదేనని నేననను, ఎందుకంటే మహమ్మారి ముప్పున్న వేళ ఆలస్యానికి ప్రాణాలే మూల్యం కావచ్చు. అయితే, ఆ వివాదం నుంచే 2011లో, వైరస్ నమూనాలను వాడుకునే టీకా కంపెనీలు నిధులూ టీకాలలో వాటా కూడా ఇచ్చే అంతర్జాతీయ ఏర్పాటు పుట్టింది. మన నమూనాల బదిలీ ఒప్పందంలో కనీసం నాలుగు విషయాలు ఉండాలి: నమూనాలను ఏ పరిశోధనకు వాడతారు, వేరే ప్రశ్నకు వాడాలంటే ఎవరి అనుమతి తీసుకోవాలి, మిగిలినవాటిని ఎప్పుడు తిరిగి పంపుతారు లేదా నాశనం చేస్తారు, ఫలితాలను ఆ గ్రామాలకు ఎవరు, ఎవరి ఖర్చుతో తెలియజేస్తారు. ఈ చివరిది అడిగితే కాదనే భాగస్వాములు అరుదు, కానీ అడగకుండా రాసేవారు మరీ అరుదు.